డీజిల్ లోపలికి పోతుంటే గాలి ఎటు పోతోంది?

"పెట్రోలైతే భయపడాలి గానీ, డీజిల్‌కేం భయం?" చెన్నై కాశిమేడు చేపల రేవులో బోటుకి డీజిల్ పట్టేటప్పుడు ఎవరిని కదిపినా వచ్చే మాట ఇదే. అరవంలో అన్నా, తెలుగులో అన్నా ధీమా ఒకటే. ఆ రేవులో రెండు భాషలూ వినిపిస్తాయి. నెల్లూరు వైపు నుంచి వచ్చి రాయపురం చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు, శ్రీకాకుళం నుంచి వేటకు కూలికి వచ్చే కలాసీలు అక్కడ తక్కువేమీ కాదు. మాటతో ఆగరు, రుజువు కూడా చూపిస్తారు. చిన్న గిన్నెలో డీజిల్ పోసి అందులో వెలిగించిన అగ్గిపుల్ల పడేస్తే పుల్ల చుయ్యిమని ఆరిపోతుంది. చూశారా, అంటారు.

ఆరిపోయిన మాట నిజమే. కానీ ఆ గిన్నె చెప్పేది ఒక్కటే సంగతి: ఆ పూట, ఆ వేడికి, ఆ గిన్నె మీద మండేంత ఆవిరి లేదు. నూనె ఏదైనా ద్రవంగా ఉండి మండదు, దాని ఆవిరి గాలితో కలిసి మండుతుంది. నిప్పు తగిలితే భగ్గుమనేంత ఆవిరి ఏ వేడి దగ్గర చేరుతుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోల్‌కి అది సున్నాకి దాదాపు 40 డిగ్రీలు కింద. అంటే మంచు కురిసే ఊళ్లో కూడా పెట్రోల్ మీద మండే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. డీజిల్ అలా కాదు, కాస్త వేడెక్కాలి. ఎంత వేడెక్కాలన్న దగ్గరే మెలిక ఉంది.

ఐరోపా బంకుల్లో అమ్మే డీజిల్‌కి ఫ్లాష్ పాయింట్ 55 డిగ్రీలు దాటి ఉండాలి. అమెరికాలో మామూలుగా వాడే డీజిల్‌కి 52కి తగ్గకూడదు. మన దేశంలో హైస్పీడ్ డీజిల్‌కి పెట్టుకున్న కనీస హద్దు 35 డిగ్రీలు. కొలిచే పద్ధతుల్లో కొంత తేడా ఉన్నా, 35కీ 55కీ మధ్య దూరం ఆ తేడాతో పూడేది కాదు. పెద్ద ఓడల విషయంలో అంతర్జాతీయ నియమం ఇంకా గట్టిగా ఉంటుంది. 60 డిగ్రీల కంటే తక్కువ ఫ్లాష్ పాయింట్ ఉన్న ఇంధనాన్ని మామూలుగా ఒప్పుకోరు. అందుకే మన ఆయిల్ కంపెనీలు ఓడల కోసం 66 డిగ్రీల హద్దుతో వేరే రకం డీజిల్ అమ్ముతాయి. కాశిమేడు బోటులో పోసేది మాత్రం లారీలో పోసే డీజిలే.

35 అనేది కనీస హద్దు. బంకులో దొరికేది సాధారణంగా అంతకంటే పైనే ఉంటుంది. ఎంత పైన ఉందో కొనేవాడికి తెలిసే దారి లేదు, కాబట్టి హద్దునే లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో చెన్నై నీడపట్టునే 40 డిగ్రీలు చూస్తుంది. ఎండలో కాగిన డెక్కు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. ఆ డెక్కు కింద ఉన్న ట్యాంకు, ఆ ఎండలోనే పెట్టిన డబ్బా ఆ హద్దు దాటి ఉండే అవకాశం బాగానే ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం డీజిల్‌ని 23 నుంచి 65 డిగ్రీల మధ్య ఉండే 'బి' తరగతిలో పెట్టింది. నిర్భయంగా వాడుకోమని కాదు, పెట్రోల్ కంటే ఒక మెట్టు కింద అని. విదేశీ బోటు వీడియోల్లో "డీజిల్ బోటు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు" అని చెప్పేవాళ్లు వాళ్ల డీజిల్ గురించి, వాళ్ల ఎండ గురించి చెబుతున్నారు. మనం ఆ సలహాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇంకో సంగతి. ఫ్లాష్ పాయింట్ అన్నది నిలకడగా ఉన్న డీజిల్‌కి లెక్క. సన్నటి తుంపరగా చిమ్మితే ఆ లెక్క పనిచేయదు, చల్లటి డీజిల్ తుంపర కూడా అంటుకుంటుంది. దూదో, గోనెపట్టో పీల్చుకున్న డీజిల్ కూడా ఒత్తి నూనెలా సులువుగా అంటుకుంటుంది. అసలు నిప్పురవ్వే అక్కర్లేని సందర్భం మరొకటుంది. డీజిల్ 210, 250 డిగ్రీల ప్రాంతంలో తనంతట తానే అంటుకుంటుంది. బరువు మీద నడిచిన ఇంజన్‌లో టర్బో, చుట్టూ చల్లార్చే నీటి జాకెట్టు లేని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగను బయటికి పంపే గొట్టం) 400 డిగ్రీలు దాటుతాయి. వేట నుంచి వచ్చీ రాగానే, ఇంజన్ ఇంకా సలసలా కాగుతుండగా డీజిల్ పట్టడం మొదలుపెడితే, పొంగి డెక్కు సందుల్లోంచి కారిన గ్లాసెడు డీజిల్ ఆ ఇనుము మీద పడితే చాలు. ఇంజన్ ఆపడం ఒక ఎత్తు, చల్లారనివ్వడం మరో ఎత్తు. రేవులో మొదటిది చాలామంది చేస్తారు. ఐస్ ఎక్కించేదాకానో, చేపలు దించేదాకానో ఆగి రెండోది కూడా చేస్తే మంచిది. ఆ వ్యవధి ఎటూ ఉంటుంది, వరస మార్చుకోవాలంతే.

ఇక డీజిల్ పట్టేటప్పుడు జరిగేదేంటో చూద్దాం. చాలామంది కళ్లు నాజిల్ మీద, మీటర్ మీద ఉంటాయి. చూడాల్సింది గాలిని. ట్యాంకు ఖాళీ అని మనం అనుకునేది నిజానికి ఖాళీ కాదు. డీజిల్ ఆవిరి కలిసిన గాలి అందులో నిండి ఉంటుంది. ఒక లీటరు డీజిల్ లోపలికి దిగాలంటే ఒక లీటరు ఆ గాలి బయటికి పోవాలి. బంకు నాజిల్ నిమిషానికి 40 లీటర్లు పోస్తోందనుకుంటే, నిమిషానికి 40 లీటర్ల గాలి బొటనవేలంత లావున్న వెంట్ గొట్టం గుండా బయటపడాలి. సన్నమూతి సీసాలో గబగబా నూనె వంపితే ఏమవుతుందో తెలిసిందే కదా. గాలి బుడగ పైకి తన్ని చెయ్యంతా నూనె చిమ్ముతుంది. బోటులోనూ అంతే, కాకపోతే చిమ్మేది చేతి మీద కాదు, డెక్కు మీద, సముద్రం మీద, ఒక్కోసారి మొహం మీద.

ఆ వెంట్ గొట్టం మూసుకుపోవడానికి కారణాలు చిన్నవే. ఉప్పు పేరుకుంటుంది. కందిరీగ అందులో మట్టిగూడు కడుతుంది. అన్నిటికంటే మామూలుగా జరిగేది రంగు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. బోట్లకు మరమ్మతులు, రంగులు అప్పుడే. రంగు వేసేవాడు గొట్టం మూతికున్న జాలీ మీద కూడా ఒక చెయ్యి వేసి పోతాడు. జాలీ కన్నాలు పూడిపోతాయి. నిషేధం ఎత్తేసిన రోజు హడావిడిగా డీజిల్ పడుతుంటే పోసినదంతా తిరిగి పైకి తంతుంది. నాజిల్ బాగోలేదని బంకువాడి మీద అరుస్తారు. అదే వెంట్ సముద్రం మధ్యలో ఇంకో రకంగా సతాయిస్తుంది. ఇంజన్ డీజిల్ లాగుతుంటే ఆ జాగాలోకి గాలి రాదు, లోపల శూన్యం ఏర్పడి ఇంజన్ దమ్ము తగ్గి ఆగిపోతుంది. ఫిల్టర్ మార్చినా లాభముండదు. ట్యాంకు మూత వదులు చేయగానే ఇంజన్ పుంజుకుంటే రోగం వెంట్‌లో ఉన్నట్టే.

బాగా అనుభవం ఉన్న సరంగు, అంటే బోటు నడిపేవాడు, ఎలా పట్టిస్తాడో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. కాశిమేడులో బోట్లు జెట్టీకి ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉంటాయి. కాబట్టి పైపు ఒక్కోసారి పక్క బోటు డెక్కు దాటి రావాలి. సరంగు గొంతుక్కూర్చుని నాజిల్ తనే పట్టుకున్నాడు. కుర్ర కలాసీ పైపు జాయింట్ వైపు చూస్తున్నాడు. "పైపు కాదురా, గాలిగొట్టం సూడు. సప్పుడు మారితే కేకెయ్," అన్నాడు సరంగు. "అలాగే మావా," అని వాడు బోటు అంచున వంగి వెంట్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపు ధారగా గాలి తగిలింది. తర్వాత గాలి తగ్గుతూ, లోపల గుళగుళమని బుడగల చప్పుడు మొదలైంది. వాడు చెయ్యి ఎత్తాడు, సరంగు నాజిల్ మీట వదిలేశాడు. రెండో చేతిలో ఉన్న పాత లుంగీ గుడ్డ గొట్టం మూతికి చుట్టి ఇంకాసేపు ఆగారు. రెండు చుక్కలు గుడ్డలోకి దిగాయి. అంతే.

ఆ చప్పుడుకి కారణం ఉంది. మట్టం పైకొచ్చేకొద్దీ గాలికి మిగిలిన చోటు తగ్గుతుంది, నురగ వెంట్ మూతికి చేరుతుంది. డీజిల్ పెట్రోల్ కంటే ఎక్కువ నురగ కడుతుంది. నాజిల్‌లో ఉండే ఆటోమేటిక్ కటాఫ్ కార్లనీ లారీలనీ దృష్టిలో పెట్టుకుని చేసింది. బోటుకి ఉండే పొడుగాటి, వంకర్ల గొట్టంలో అది ముందే కట్ కావచ్చు, అసలు కట్ కాకపోనూవచ్చు. నాజిల్ మీటకి మూతో, రాయో అడ్డం పెట్టి చేతులు ఊపుకుంటూ పోయే అలవాటు ఒకటుంది చూశారూ, నా మటుకు రేవులో అన్నిటికంటే ముందు మాన్పించాల్సింది అదే. నాజిల్ చేతిలోనే ఉండాలి. నాజిల్ దగ్గర ఒకరు, వెంట్ దగ్గర ఒకరు. మూడోవాడి అవసరం లేదు, ఉంటే బీడీ వెలిగిస్తాడు.

ఎంత పట్టాలో ముందే తెలిసి ఉండటం ఈ గొడవల్లో సగం తీరుస్తుంది. ట్యాంకు ఎన్ని లీటర్లు, గీతల కర్ర ముంచి చూస్తే ఇప్పుడెంత ఉంది, ఇంకెంత పడుతుంది. ఈ లెక్క కట్టాక అందులో కొంత తగ్గించుకోవాలి. డీజిల్ వేడికి వ్యాకోచిస్తుంది, 10 డిగ్రీలకు సుమారు 0.8 శాతం. తెల్లవారుజామున 27 డిగ్రీల దగ్గర 2,000 లీటర్ల ట్యాంకు మూతిదాకా నింపితే, మధ్యాహ్నం అది 40కి చేరేసరికి దాదాపు 21 లీటర్లు ఎక్కువవుతుంది. ఆ ఎక్కువ వెంట్ గుండా సముద్రంలోకే పోతుంది. పోసేటప్పుడు చుక్క కారలేదు కాబట్టి మనవల్ల కాలేదనుకుంటాం. ఇరవై భాగాల్లో ఒక భాగమైనా ఖాళీ వదలాలి. రెండు ట్యాంకులు ఉండి, మధ్యలో కలిపే గొట్టం ఉన్న బోట్లయితే ఇంకో జాగ్రత్త. ఒకవైపు నింపుతుంటే బోటు ఆ పక్కకు ఒరుగుతుంది, పై ట్యాంకులోది కింది ట్యాంకులోకి దిగి అటు వెంట్ నుంచి పొంగుతుంది. నింపేముందు మధ్య వాల్వ్ కట్టేయాలి. బోటు బరువెక్కి కిందికి దిగేకొద్దీ తాళ్లు బిగుసుకుంటాయి, పక్కనుంచి ఇంకో బోటు పోతే ఊగుతుంది. ముందూ వెనకా కట్టిన మోకులు, పైపుకి కాస్త వదులు ఉండేలా చూసుకోవాలి.

ఇప్పుడు బయటపడ్డ ఆ ఆవిరి ఎటు పోతుంది? ఇంధన ఆవిరి గాలికంటే బరువు. పైకి తేలిపోదు, కిందికి పాకుతుంది. తెరిచిన తలుపు కనిపిస్తే కేబిన్‌లోకి, కన్నం కనిపిస్తే బోటు అడుగుకి చేరుతుంది. అక్కడే బ్యాటరీలు, పంపు స్విచ్చి, సెల్ఫ్ స్టార్టర్ ఉంటాయి. రోజుల తరబడి వేటకెళ్లే బోట్లలో వంట పొయ్యి కూడా ఉంటుంది. కాబట్టి నింపేటప్పుడు పొయ్యి ఆర్పాలి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయాలి, కేబిన్ తలుపులు, ఇంజన్ గది మూతలు మూయాలి. నింపడం అయ్యాక అన్నీ బార్లా తెరిచి కాసేపు గాలాడనిచ్చి, అడుగున వాసన చూసి, అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయాలి. వెంట్ గొట్టం ఇంజన్ గదిలోనే తెరుచుకునే బోట్లు ఉంటే వాటికి ఈ జాగ్రత్తలేవీ చాలవు, ముందు ఆ గొట్టాన్ని బోటు బయటికి మళ్లించాలి, మూతి కిందికి వంచి జాలీ బిగించాలి.

మెరీనా పక్కన నొచ్చికుప్పం, పట్టినప్పాక్కం ఒడ్డున ఉండే ఫైబర్ బోట్ల కథ వేరు. వాళ్లకు జెట్టీ లేదు, పైపు లేదు. బంకులో ప్లాస్టిక్ క్యాన్లు నింపుకుని బండి మీద తెచ్చి ఇసకలో మోసుకెళ్లి గరాటుతో పోసుకుంటారు. ఇక్కడ నాకు ఎక్కువ భయం కలిగించేది కలగాపులగం క్యాన్లు. బోటు వెనక తగిలించే కొన్ని మోటార్లు పెట్రోల్‌తో స్టార్ట్ అయి కిరోసిన్‌తో నడుస్తాయి, లాంగ్‌టెయిల్ ఇంజన్లు డీజిల్‌తో నడుస్తాయి. ఒకే ఇంట్లో మూడు నూనెలూ ఉంటాయి. పెట్రోల్ క్యాను అడుగున చెంబెడు మిగిలి ఉండగా అందులో డీజిల్ పోస్తే ఏమవుతుంది? పెట్రోల్ క్యాను లోపల ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, గాలి చాలక అది లోపల మండలేదు. పెట్రోల్ ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది, క్యానులో అంతకు మించి ఉంటుంది. డీజిల్ పోయగానే ఆ డీజిల్ పెట్రోల్ ఆవిరిని పీల్చుకుని దాన్ని పలచన చేస్తుంది. ఆవిరి సరిగ్గా మండే మోతాదులోకి దిగుతుంది. క్యాను లోపల పెట్రోల్ ఒక్కటే ఉన్నప్పుడు లేని ప్రమాదం, డీజిల్ ఒక్కటే ఉన్నప్పుడు లేని ప్రమాదం, రెండూ కలిసిన ఆ నిమిషంలో పుడుతుంది.

దానికి నిప్పు ఎక్కడిదంటారా? పారే డీజిల్‌లోనే ఉంది. గొట్టంలో రాసుకుంటూ పారే నూనెకి స్టాటిక్ కరెంటు పుడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల పాళ్లలో పదికి తగ్గించారు. గాలికి మంచిదే. అయితే గంధకం తీసే శుద్ధిలో కరెంటును కిందికి వదిలే పదార్థాలు కూడా పోతాయి, అందుకే పుట్టిన స్టాటిక్ తొందరగా నేలలోకి దిగదు. క్యానుని బండి సీటు మీదో, ఆటోలో రెగ్జిన్ మీదో పెట్టి నింపకుండా నేల మీద పెట్టాలి. నాజిల్ మూతి క్యాను మూతికి ఆనించే ఉంచాలి. మొదట్లో మెల్లగా పోయాలి, ఎత్తు నుంచి ధార కట్టకూడదు. డీజిల్ క్యానుకి ఒక రంగు, పెట్రోల్ క్యానుకి ఒక రంగు ఖాయం చేసుకుంటే ఈ పేరా మొత్తం మర్చిపోయినా పర్వాలేదు.

ఇంకో అలవాటు నోటితో పైపు పీల్చి డీజిల్ దించడం. పెద్దాళ్లు చేస్తారు, చూసి కుర్రాళ్లు నేర్చుకుంటారు. పొట్టలోకి పోయిన డీజిల్ కంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి దిగిన చెంచాడు డీజిల్ ఎక్కువ హాని చేస్తుంది. అది లోపల పలచగా పరుచుకుని న్యుమోనియా తెస్తుంది. అప్పటికప్పుడు దగ్గు మాత్రమే వచ్చి, గంటల తర్వాత ఆయాసం, జ్వరం మొదలవ్వచ్చు. అలా మింగినవాళ్లకు వేళ్లు పెట్టి కక్కించకూడదు. కక్కేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేత్తో నొక్కే సైఫన్ పంపు పెద్ద ఖరీదేమీ కాదు.

నిప్పు గురించి ఇంత చెప్పాను గానీ, రోజువారీగా మనిషిని పడేసేది జారుడు. డీజిల్ పొర ఉన్న ఫైబర్ డెక్కు మీద తడికాలు నిలవదు. పడేది డెక్కు మీదే అయితే నడుం, రెండు బోట్ల మధ్య అయితే ప్రాణం. ఒలికిన వెంటనే కాటన్ వేస్టో, రంపపు పొట్టో చల్లి ఎత్తేయాలి. ఎత్తిన ఆ వేస్టుని ఇంజన్ గదిలో మూల పడేయకూడదు. కాగే ఇనుము పక్కన దాని సంగతి పైన చెప్పాను.

నీళ్లలో పడితే? చాలామంది చేసే పని సబ్బు నీళ్లు కొట్టడం. ఇంద్రధనస్సు రంగుల పొర మాయమవుతుంది, మనసు కుదుటపడుతుంది. నిజానికి డీజిల్ ఎక్కడికీ పోలేదు. సన్న బిందువులై నీటి లోపలికి దిగింది. పైన ఉంటే కొంత ఆవిరైపోయేది, కొంత గుడ్డతో ఎత్తడానికి వీలయ్యేది. ఇప్పుడు చేప మొప్పలకు, గుడ్లకు తగులుతుంది. పొర చుట్టూ నూనె పీల్చే ప్యాడ్లు, అవి లేకపోతే పాత గుడ్డలు వేసి ఎత్తడమే దారి. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు జనం బకెట్లతో తోడటం చెన్నైలో అందరికీ గుర్తే. అది తారులాంటి చిక్కటి ఓడ నూనె, చేతికి అందింది. డీజిల్ పలచన, బకెట్‌కి చిక్కదు, అందుకే పడకముందే ఆపాలి. చేతులెత్తేసేంత ఒలికితే దాచకుండా రేవు అధికారులకు చెప్పాలి. సముద్రంలో నూనె ఒలికితే దాన్ని అదుపు చేసే బాధ్యత కోస్ట్ గార్డుది. సముద్రంలో ఉండగా ప్రాణాపాయం వస్తే వాళ్ల నంబరు 1554.

అంటుకుంటే మాత్రం నీళ్లు పోయకూడదు. నీళ్లు బరువు, డీజిల్ కిందికి జారి మంటను పైకెత్తి పరుస్తాయి. పొడి చల్లే డీసీపీ సిలిండరో, నురగ సిలిండరో కావాలి, అది ఇంజన్ గదిలో కాకుండా బయట, చెయ్యి అందే చోట వేలాడాలి. ఇంజన్ గదిలో మంట ఉంటే మూత తెరిచి చూడొద్దు, తెరిస్తే దానికి కావాల్సిన గాలి మనమే ఇచ్చినవాళ్లమవుతాం.

ఇక మిగిలింది నీళ్లు, అంటే ట్యాంకులో చేరే నీళ్లు. లీటరు డీజిల్ 830, 840 గ్రాముల బరువు, నీళ్లు కిలో. కాబట్టి నీళ్లు అడుగుకి చేరి కూర్చుంటాయి. ట్యాంకు మూతకున్న రబ్బరు వాషరు చీలిపోతే అల నీళ్లు దిగుతాయి. ట్యాంకు సగం ఖాళీగా రెండు నెలలు ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. సముద్రంలో బోటు ఊగగానే ఆ జిగురు లేచి ఫిల్టర్లో ఇరుక్కుంటుంది. నిషేధం రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచాలా, ఖాళీగా ఉంచాలా అన్నది బోటు యజమానుల మధ్య తెగని వాదం. నిండుగా ఉంచితే చెమ్మకు చోటుండదు, కానీ డబ్బు రెండు నెలలు ట్యాంకులో కూర్చుంటుంది. దొంగల భయం సరేసరి. డబ్బుకి వీలుంటే నిండుగా ఉంచడమే నయమని నా అభిప్రాయం. వీలు లేకపోతే పూర్తిగా ఖాళీ చేసి, అడుగు తుడిచి ఉంచాలి. సగం సగం ఉంచడం రెండింటికీ చెడ్డది.

ఎలా ఉంచినా, జూన్ 15న బయల్దేరడానికి రెండు రోజుల ముందు ట్యాంకు అడుగు కుళాయి తిప్పి ఒక గాజు సీసాలోకి డీజిల్ పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపిస్తే అది నీరు. గీత కనిపించనంతవరకు వంపుతూ పోవాలి. వంపినది రేవు నీళ్లలో పారబోయకుండా పాత ఆయిల్ కొనేవాడి పీపాలో పోయండి.